ఎలక్ట్రానిక్ పౌడర్ డిస్పెన్సర్: ఏది కొనాలి, ఎలా వాడాలి, తెర మీది అంకెను ఎలా సరిచూసుకోవాలి

రీలోడింగ్, అంటే కాల్చిన తూటా ఖాళీ కేసులో (ఇత్తడి గొట్టంలో) కొత్త ప్రైమర్ (నిప్పు అంటించే చిన్న మూత), పౌడర్ (తుపాకీ మందు), బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం, మొదలుపెట్టిన నాలుగైదు నెలలకి దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "చేత్తో ట్రికిల్ చేసీ చేసీ విసుగొచ్చింది, ఎలక్ట్రానిక్ డిస్పెన్సర్ కొందామనుకుంటున్నా, ఏది కొనమంటారు?" (ట్రికిల్ అంటే పౌడర్‌ని కొద్దికొద్దిగా గింజ గింజగా రాల్చడం, డిస్పెన్సర్ అంటే ఆ పనీ తూచే పనీ తానే చేసే యంత్రం.) కొన్న వారానికి రెండో ప్రశ్న వస్తుంది. "మెషీన్ 42.0 అంటోంది, అదే పౌడర్‌ని బీమ్ స్కేల్ మీద పెడితే 42.3 వస్తోంది, దేన్ని నమ్మాలి?" (ఆ అంకెలు గ్రెయిన్లలో, పౌడర్ తూచే చిన్న బరువు కొలత అది. బీమ్ స్కేల్ అంటే కరెంటు లేని కడ్డీ త్రాసు.) మొదటి ప్రశ్న కంటే నాకు రెండోదే ముఖ్యం అనిపిస్తుంది. అందుకే ఈ రాతలో సగం కొనడం గురించి కాదు, సరిచూసుకోవడం గురించే ఉంటుంది.

ఇది ఇప్పటికే రీలోడింగ్ తెలిసినవాళ్ల కోసం రాస్తున్నది. మీరున్న చోట చట్టం దీనికి ఒప్పుకోవాలి, లైసెన్స్ కావాలంటే అది ఉండాలి. ఏ కేసుకి ఎంత పౌడర్ అనేది నేను చెప్పను, ఎవరు నోటిమాటగా చెప్పినా వినకండి. అది పౌడర్ తయారీదారులు, బుల్లెట్ తయారీదారులు అచ్చు వేసిన లోడ్ మాన్యువల్ (ఏ తూటాకి ఎంత పౌడర్ అని లెక్కలిచ్చే పుస్తకం) నుంచే రావాలి. డిస్పెన్సర్ పని మీరు చెప్పిన బరువు తూచి ఇవ్వడం వరకే. మీరు చెప్పిన బరువు తప్పైతే ఆ తప్పునే అది చాలా నిఖార్సుగా తూచి ఇస్తుంది.

అసలు మీకు అవసరమా?

పిస్టల్ తూటాలు మాత్రమే, అదీ ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తయ్యే యంత్రం) మీద చేసేవాళ్లకి నేనైతే వద్దంటాను. బాల్ పౌడర్ (గుండ్రని గింజలది), సన్నని ఫ్లేక్ పౌడర్ (రేకుల్లాంటిది) మామూలు వాల్యూమ్ మెజర్‌లోంచే (తూచకుండా పరిమాణంతో కొలిచి పోసే పరికరం) చక్కగా, దాదాపు ఒకే కొలతలో పడతాయి. డిస్పెన్సర్ పెడితే పని నెమ్మదిస్తుంది తప్ప లాభం లేదు. పైగా చిన్న ఛార్జ్ (ఒక తూటాకి పోసే పౌడర్ బరువు) దగ్గర మెషీన్ తేడా పెద్దదవుతుంది. లెక్క చూడండి: 42 గ్రెయిన్ల ఛార్జ్‌లో 0.1 గ్రెయిన్ తేడా అంటే పావు శాతం కూడా కాదు, అదే 4 గ్రెయిన్ల ఛార్జ్‌లో రెండున్నర శాతం.

డిస్పెన్సర్ నిజంగా పనికొచ్చేది రైఫిల్ తూటాలకి, అందులోనూ కడ్డీల్లా పొడవుగా ఉండే స్టిక్ పౌడర్‌కి. వాల్యూమ్ మెజర్ తిప్పినప్పుడు ఆ కడ్డీలు అంచుకి అడ్డుపడి విరుగుతాయి, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ పడుతుంది. చేత్తో తూచేవాళ్ల టైమంతా పోయేది అక్కడే.

కొనేముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు లోపల సెన్సర్ ఏ రకమో చూడండి. మామూలుగా దొరికే వాటిలో, అంటే ఆర్‌సీబీఎస్ ఛార్జ్‌మాస్టర్, హార్నడీ ఆటో ఛార్జ్, లైమన్ జెన్ 6, ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ ఇంటెలిడ్రాపర్ లాంటి వాటిలో, లోడ్ సెల్ ఉంటుంది. బరువు పడితే చిన్న లోహపు దిమ్మ కొద్దిగా వంగుతుంది, ఆ వంపుని కొలిచి బరువుగా చూపిస్తుంది. వీటి కచ్చితత్వం 0.1 గ్రెయిన్ అటూ ఇటూ. రెండో రకం విద్యుదయస్కాంత బలంతో ప్యాన్‌ని (తూచే పళ్లేన్ని) నిలబెట్టి తూచే ల్యాబ్ త్రాసు. ఏ అండ్ డీ ఎఫ్ఎక్స్-120ఐ త్రాసుకి ఆటోట్రికలర్ (దానంతటదే పౌడర్ రాల్చే పరికరం) జత చేసి వాడేది ఈ రకం. ఇది 0.02 గ్రెయిన్ వరకు చూపిస్తుంది, అంటే స్టిక్ పౌడర్‌లో ఒక్క కడ్డీ వేసినా అంకె మారుతుంది. సున్నా జారిపోవడం (ఖాళీ త్రాసు చూపించే సున్నా దానంతటదే మారిపోవడం) కూడా చాలా తక్కువ. ధరలో మాత్రం రెండింటికీ పోలికే లేదు.

ఇక్కడ చాలామంది తొందరపడి ఖరీదైనదే కొనేస్తారు. మధ్యస్థాయి రైఫిల్ తూటాలో 0.1 గ్రెయిన్ పౌడర్ తేడా వేగాన్ని సుమారుగా సెకనుకి 5, 6 అడుగులు మారుస్తుంది. 100 గజాల దగ్గర, 200 గజాల దగ్గర అది కాగితం మీద కనిపించదు. 600, 1000 గజాల పోటీలకి వెళ్లేవాళ్లకి కనిపిస్తుంది, నిలువు దిశలో గుంపు (కాగితం మీద పడిన రంధ్రాల గుంపు) సాగుతుంది. మీరు ఎంత దూరం కాలుస్తారో నిజాయితీగా ఆలోచించుకుని ఆ తర్వాత డబ్బు తీయండి. మిగిలిన డబ్బుతో మంచి చెక్ వెయిట్స్ (త్రాసుని పరీక్షించే కచ్చితమైన బరువులు) సెట్, వీలైతే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) కొనుక్కోండి, ఎక్కువ ఉపయోగం.

సెన్సర్ తర్వాత నేను చూసేది హాపర్ (మెషీన్ పైన పౌడర్ పోసే తొట్టి) ఖాళీ చేసే దారి. పక్కన లేదా అడుగున చిన్న తలుపు తీస్తే పౌడర్ మొత్తం డబ్బాలోకి జారిపోవాలి. మెషీన్ మొత్తాన్ని ఎత్తి బోర్లించాల్సి వస్తే ఎప్పుడో ఒకరోజు మీకు బద్ధకం వేస్తుంది, పౌడర్ అందులోనే ఉండిపోతుంది. ప్యాన్ మీద గాలి తగలకుండా మూత ఉండాలి. కాలిబ్రేషన్ (తెలిసిన బరువు పెట్టి త్రాసుని సరిచేయడం) బరువులు పెట్టెలోనే రావాలి. చివరి దశలో ట్రికిల్ వేగం మార్చుకునే వీలుంటే మంచిది, పౌడర్ రకాన్ని బట్టి అది అవసరమవుతుంది.

వేగం చూసి మాత్రం కొనకండి. ఒక ఛార్జ్‌కి 15 సెకన్లా 30 సెకన్లా అన్నది ప్రకటనల్లో పెద్దగా కనిపిస్తుంది కానీ, అది తూచేలోపు మీరు ముందరి కేసులో బుల్లెట్ పెట్టి ప్రెస్ చేస్తుంటారు, ఎలాగూ ఆ టైమ్ పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే అక్కడికక్కడే ఒక పరీక్ష చేయండి. ఒకే చెక్ వెయిట్‌ని ప్యాన్ మధ్యలో, తర్వాత కుడి అంచున, ఎడమ అంచున, ముందు, వెనక పెట్టి చూడండి. అన్నిచోట్లా ఒకే అంకె రావాలి. 0.1 కంటే ఎక్కువ తేడా వస్తే ఎవరో దాన్ని కింద పడేసి ఉంటారు, లేదా ఎక్కువ బరువు మోపి ఉంటారు. వదిలేయండి.

కావలసినవి

- డిస్పెన్సర్, దాని ప్యాన్, దాని కాలిబ్రేషన్ బరువులు, దానితో వచ్చిన అడాప్టరే (వేరే అడాప్టర్ సరిపోయినట్టే కనిపిస్తుంది, వోల్టేజ్ తేడా ఉంటే అంకెలు ఊగుతాయి)
- విడిగా చెక్ వెయిట్స్: 1 గ్రాము, 2 గ్రాములు, 5 గ్రాములు, వీలైతే 20 మిల్లీగ్రాములది కూడా
- రెండో త్రాసు, బీమ్ స్కేల్ అయితే మరీ మంచిది, దానికి కరెంటుతో పని లేదు
- చిన్న స్పిరిట్ లెవెల్
- లోడింగ్ బ్లాక్ (కేసులు నిలబెట్టే పలక), ఫన్నెల్ (గరాటు), టార్చ్
- మెత్తని బ్రష్, బట్టల డ్రయ్యర్‌లో వేసే యాంటీ స్టాటిక్ షీట్ ఒకటి
- కాగితపు టేపు, మార్కర్, నోట్‌బుక్
- లోడ్ మాన్యువల్, మీరు వాడే పౌడర్, బుల్లెట్ ఉన్న పేజీ తెరిచి

ఈ అంకెలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి, రోజూ పనికొస్తాయి: 1 గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు, 2 గ్రాములు 30.86, 3 గ్రాములు 46.30, 5 గ్రాములు 77.16. 20 మిల్లీగ్రాములు 0.31 గ్రెయిన్. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు.

గ్రెయిన్ అనే మాట దగ్గర కొత్తవాళ్లు పొరబడటం నేను చాలాసార్లు చూశాను. గ్రెయిన్ అంటే గింజ కదా అని, ఒక పౌడర్ గింజ ఒక గ్రెయిన్ అనుకుంటారు. కాదు. గ్రెయిన్ ఒక బరువు కొలత. మామూలు స్టిక్ పౌడర్ కడ్డీ ఒకటి సుమారు 0.02 గ్రెయిన్ ఉంటుంది, అంటే ఒక గ్రెయిన్‌కి యాభై దాకా కడ్డీలు కావాలి.

పని మొదలు

1. చోటు చూసుకోండి

బల్ల కదలకూడదు. ప్రెస్ బిగించిన బల్ల మీదే డిస్పెన్సర్ పెడితే మీరు హ్యాండిల్ లాగిన ప్రతిసారీ త్రాసు వణుకుతుంది, వేరే చిన్న బల్ల మీద పెట్టండి. ఫ్యాన్, ఏసీ, తెరిచిన కిటికీ, హీటర్, ఏ గాలీ దాని మీదికి రాకూడదు. మొబైల్ ఫోన్ పక్కన పెట్టకండి. ట్యూబ్‌లైట్ పక్కనుంటే కొన్ని మెషీన్లలో అంకె ఊగుతుంది, ఆర్పి చూడండి, ఆగిపోతే కారణం తెలిసినట్టే. నిప్పు, సిగరెట్ ఆ గదిలోకే రాకూడదు. ఇది స్మోక్‌లెస్ పౌడర్ కోసం చేసిన యంత్రం. బ్లాక్ పౌడర్, దానికి బదులు వాడే పౌడర్లు ఇందులో ఎప్పటికీ పోయకండి. బ్లాక్ పౌడర్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, ఇది మోటారు, కరెంటు ఉన్న యంత్రం.

గాలి సంగతి ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఒకసారి ఏసీ గాలి నేరుగా ప్యాన్ మీదికి రాకుండా పక్కనుంచి గోడకి తగిలి వస్తోందని నేను గమనించలేదు. ఏసీ ఆగి మళ్లీ వేసుకున్నప్పుడల్లా సున్నా కొంచెం కొంచెం జరిగింది. తెలిసేటప్పటికి 38 తూటాలు అయిపోయాయి. ఏవి సరైనవో, ఏవి కావో చెప్పే దారి లేదు. అన్నిటినీ బుల్లెట్ పుల్లర్‌తో విప్పాను. ఒక సాయంత్రం పోయింది, ఒక్కటి కూడా ఉంచుకోనందుకు ఇప్పటికీ సంతోషమే.

2. లెవెల్ చేసి, వేడెక్కనివ్వండి

స్పిరిట్ లెవెల్ పెట్టి కింది కాళ్లు తిప్పి సమం చేయండి. తర్వాత ఆన్ చేసి కనీసం అరగంట వదిలేయండి. లోపలి ఎలక్ట్రానిక్స్ వేడి స్థిరపడేదాకా సున్నా జరుగుతూనే ఉంటుంది. నేనైతే ముందు దాన్ని ఆన్ చేసి, ఆ అరగంటలో కేసులు సరిచూసుకుని, ప్రైమర్లు పెట్టుకుని, మాన్యువల్ తీసి చదువుకుంటాను. చల్లని గదిలోంచి తెచ్చిన మెషీన్ అయితే ఇంకా ఎక్కువసేపు ఉంచండి.

3. కాలిబ్రేట్ చేయండి

వేడెక్కిన తర్వాతే, ముందు కాదు. మీ మెషీన్ పుస్తకంలో చెప్పిన వరుసలోనే చేయండి. బరువుల్ని వేళ్లతో ముట్టుకోకండి, చెమట, నూనె అంటుకుంటాయి. పట్టకారు లేదా మెత్తని గుడ్డ వాడండి. ఇక్కడే యూనిట్ కూడా చూసుకోండి, తెర మీద గ్రెయిన్ గుర్తు ఉందా, గ్రాము గుర్తు ఉందా అని. పొరపాటున బటన్ తగిలితే మారిపోతుంది, ఒక గ్రాము పదిహేనున్నర గ్రెయిన్లు కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు.

4. మీ ఛార్జ్ దగ్గరి బరువుతో పరీక్షించండి

దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. కాలిబ్రేషన్ బరువు చాలాసార్లు 50 గ్రాములది, అంటే సుమారు 772 గ్రెయిన్లు. మీరు తూచేదేమో నలభై. 772 దగ్గర సరిగ్గా ఉన్న త్రాసు 40 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని అనుకోవడం ఊహే. అందుకే కాలిబ్రేషన్ అయ్యాక, మీ ఛార్జ్‌కి దగ్గర్లో ఉన్న చెక్ వెయిట్ పెట్టి చూడండి. ఛార్జ్ 45 ప్రాంతంలో ఉంటే 2 గ్రాములు, 1 గ్రాము కలిపి పెట్టండి, 46.3 చూపించాలి. తీసి మళ్లీ పెట్టండి, ఐదుసార్లు. ఐదుసార్లూ 46.2కీ 46.4కీ మధ్యలోనే ఉండాలి. ఒకసారి 46.3, ఒకసారి 46.6 వస్తుంటే ఆ రోజు పని ఆపండి, ముందు కారణం వెతకండి.

20 మిల్లీగ్రాముల బరువు ఉంటే దాన్ని వాటి పక్కన మెల్లగా పెట్టండి. అంకె 0.3 పెరగాలి. పెరగకపోతే త్రాసు చిన్న మార్పుని పట్టించుకోవట్లేదని అర్థం.

5. ప్యాన్‌తో సున్నా చేసి, మైనస్ అంకె రాసుకోండి

ఖాళీ ప్యాన్ పెట్టి జీరో నొక్కండి. ఇప్పుడు ప్యాన్ తీయండి. తెర మీద మైనస్‌లో ఒక అంకె కనిపిస్తుంది, అది ప్యాన్ బరువు. ఆ అంకెను టేపు మీద రాసి మెషీన్‌కి అంటించండి. ఇక పని జరుగుతున్నంతసేపూ, ప్యాన్ ఎత్తిన ప్రతిసారీ ఒక్క చూపు ఆ అంకె మీద వేయండి. అదే ఉంటే సున్నా కదల్లేదు. 0.1 కదిలితే గమనిస్తూ ఉండండి, 0.2 కదిలితే ఆపి మళ్లీ జీరో చేయండి. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ అలవాటు అన్ని ఖరీదైన పరికరాల కంటే ఎక్కువసార్లు నన్ను కాపాడింది. ఆ 38 తూటాల గొడవ బయటపడింది కూడా ఈ అంకె మారినందుకే, కాకపోతే నేను ఆలస్యంగా చూశాను.

ప్యాన్ కూడా ఎప్పుడూ అదే ఉండాలి. రెండు మెషీన్లు ఉన్నవాళ్లు ప్యాన్లు కలిపేసుకుంటారు, చూడటానికి ఒకేలా ఉంటాయి, బరువు ఒకటి కాదు.

6. పౌడర్ పోయండి

బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉండాలి. మిగతావన్నీ లోపల పెట్టేయండి. హాపర్‌లోకి పోసేముందు లోపల, పౌడర్‌ని ప్యాన్‌లోకి తెచ్చే గొట్టంలో, మూలల్లో టార్చ్ వేసి చూడండి, పాతది ఒక్క గింజ కూడా ఉండకూడదు. డబ్బా మీది పేరు పైకి చదివి, మాన్యువల్‌లో పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఒకటి రెండు అంకెల తేడాతో పేర్లున్న పౌడర్లు చాలా ఉన్నాయి, మండే వేగం మాత్రం పూర్తిగా వేరు. పోసిన తర్వాత పేరు టేపు మీద రాసి హాపర్‌కి అంటించండి, డబ్బా దాని పక్కనే పెట్టండి.

హాపర్ నిండా పోయకండి, నిండుకునేదాకా వదలకండి. సగానికి పైన ఉంచితే గొట్టంలోకి ఒకే తీరుగా వస్తుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో పౌడర్ ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది, దానికి ముందే యాంటీ స్టాటిక్ షీట్‌తో హాపర్ లోపల, ఫన్నెల్, ప్యాన్ ఒకసారి తుడవండి.

7. గొట్టం నింపుకోండి

మొదటి నాలుగైదు ఛార్జ్‌లు తూచి తిరిగి హాపర్‌లో పోసేయండి, వాటిని కేసుల్లో వాడొద్దు. గొట్టం లోపల పౌడర్ సమంగా పరుచుకోవడానికి అంత పడుతుంది.

8. ఛార్జ్ నమోదు చేయండి

మాన్యువల్‌లో చూసి, కాగితం మీద రాసి, ఆ కాగితం చూసి నొక్కండి. గుర్తుపెట్టుకుని నొక్కకండి. 42.5కి బదులు 45.2 నొక్కడం ఎవరికైనా జరగొచ్చు, మెషీన్‌కి ఆ తేడా తెలీదు. నొక్కాక తెర మీదిది బయటికి చదవండి. మెషీన్ మెమరీలో పాత లోడ్లు దాచుకుని బటన్ నంబర్‌తో పిలిచే పద్ధతి నాకు నచ్చదు, కావాలంటే వాడండి కానీ ప్రతిసారీ కాగితంతో పోల్చండి. కొత్త పౌడర్ లాట్ (ఒకేసారి తయారైన బ్యాచ్), కొత్త బుల్లెట్, కొత్త ప్రైమర్, ఏది మారినా మాన్యువల్‌లో ఇచ్చిన స్టార్టింగ్ ఛార్జ్ నుంచే మళ్లీ మొదలుపెట్టాలి.

9. మొదటి పది రెండో త్రాసు మీద

వరుసగా పది ఛార్జ్‌లు తూచి, ఒక్కోదాన్నీ బీమ్ స్కేల్ మీద పెట్టి అంకె రాయండి. ఇక్కడ పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి. ఎక్కువ తక్కువల మధ్య మొత్తం తేడా 0.2 దాటకూడదు. లోడ్ సెల్ మెషీన్ దగ్గర అంతకంటే తక్కువ ఆశించడం కూడా అన్యాయమే, తెర 42.0 అన్నప్పుడు అసలు బరువు 41.9 కావొచ్చు, 42.1 కావొచ్చు.

రెండు త్రాసుల మధ్య తేడా వస్తే ఏది నమ్మాలి అన్న ప్రశ్నకి నా జవాబు: రెండింటినీ నమ్మొద్దు, చెక్ వెయిట్‌ని అడగండి. అదే 3 గ్రాముల్ని రెండింటి మీదా పెట్టండి. 46.3 ఏది చూపిస్తే అది సరైనది. బీమ్ స్కేల్ పాతది, నమ్మకమైనది అని దానికి ముందే మార్కులు వేయకండి. దాని కడ్డీ ఆనే కత్తి అంచు కింద దుమ్ము చేరినా, బల్ల ఒక పక్కకి వంగినా అది కూడా తప్పు చూపిస్తుంది.

10. ఇప్పుడు అసలు పని

ప్యాన్ తీయండి, మైనస్ అంకె చూడండి, ఫన్నెల్‌తో కేసులో పోయండి, ఫన్నెల్‌ని వేలితో ఒకసారి తట్టండి (స్టిక్ పౌడర్ గొంతులో ఇరుక్కుంటుంది), ప్యాన్ తిరిగి పెట్టండి. ఆటో మోడ్‌లో ఉంటే అది వెంటనే తర్వాతి ఛార్జ్ మొదలుపెడుతుంది. ప్యాన్ పూర్తిగా ఖాళీ అయిందో లేదో పెట్టే ముందే చూడండి, స్టాటిక్ వల్ల నాలుగు కడ్డీలు ప్యాన్‌కే అంటుకుని ఉండొచ్చు.

పోసిన కేసు మీద వెంటనే బుల్లెట్ పెట్టి సీట్ చేసేయడం (లోపలికి నొక్కి బిగించడం) నాకు ఇష్టమైన పద్ధతి, రెండుసార్లు పోసే అవకాశమే ఉండదు. బ్లాక్‌లో అన్నీ నింపి తర్వాత సీట్ చేసేవాళ్లు ఖాళీ కేసుల్ని బోర్లించి, నిండినవాటిని నిలబెట్టి పెట్టుకోండి. చివర్లో టార్చ్ వేసి పై నుంచి అన్నిటి మట్టం చూడండి. రైఫిల్ కేసులో రెండోసారి పోస్తే చాలావరకు పొంగి పొర్లుతుంది, కానీ పిస్టల్ కేసులో, తక్కువ ఛార్జ్‌లో, రెండూ పట్టేస్తాయి, బయటికి ఏమీ తెలీదు. అసలు పౌడరే పడని కేసు కూడా అంతే ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది, దాని వెనకే ఇంకోటి కాలిస్తే తుపాకీతో పాటు మనిషికీ దెబ్బ.

ప్రతి పదో ఛార్జ్ రెండో త్రాసు మీద చూడండి. ప్రతి ఇరవైకి చెక్ వెయిట్. ఫోన్ మోగినా, ఎవరైనా పిలిచినా, చేతిలో ఉన్న ఛార్జ్‌ని తిరిగి హాపర్‌లో పోసి అప్పుడు లేవండి. వచ్చాక "ఈ కేసులో పోశానా లేదా" అన్న అనుమానం రాకూడదు, వస్తే ఆ కేసు ఖాళీ చేయండి.

11. ముగించడం

పని అయిన రోజే హాపర్ ఖాళీ చేయండి. రాత్రంతా వదిలేస్తే కొన్ని పౌడర్లలోని నైట్రోగ్లిజరిన్ ఆ ప్లాస్టిక్‌ని మసకబారుస్తుంది, వెలుతురు పౌడర్‌ని పాడు చేస్తుంది, గాలిలో తేమను బట్టి దాని బరువు కూడా మారుతుంది. అన్నిటికంటే పెద్ద సమస్య, వారం తర్వాత అదేం పౌడరో మీకు కచ్చితంగా గుర్తుండదు. తిరిగి పోసేది దాని సొంత డబ్బాలోకే, వేరే సీసాలోకి కాదు. గొట్టం చివర బ్రష్‌తో దులపండి, మెషీన్‌ని కాసేపు ట్రికిల్ మోడ్‌లో ఖాళీగా తిప్పండి, లోపల చిక్కుకున్నవి బయటికొస్తాయి. వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, దాని మోటారులో నిప్పురవ్వలు ఉంటాయి.

మామూలుగా వచ్చే ఇబ్బందులు

మాటిమాటికీ ఎక్కువ పడి ఓవర్ అని కూస్తోంది. స్టిక్ పౌడర్‌తో ఇది సహజం, గొట్టం చివర కడ్డీలు గుంపుగా చేరి ఒక్కసారి పడతాయి. జ్యూస్ తాగే ప్లాస్టిక్ స్ట్రా చిన్న ముక్క కోసి గొట్టం చివర లోపల దూర్చితే గుంపు విడిపోయి ఒకటొకటిగా పడతాయి, చాలామంది వాడే చిట్కా ఇది, పనిచేస్తుంది కూడా. మీ మెషీన్‌లో చివరి ట్రికిల్ వేగం తగ్గించే సెట్టింగ్ ఉంటే ముందు అది చూడండి. సన్నని బాల్ పౌడర్‌తో సమస్య వేరు, మోటారు ఆగిన తర్వాత కూడా రెండు మూడు గింజలు జారి పడతాయి, అప్పుడు లెవెల్ మళ్లీ చూడండి, ముందుకు వాలి ఉంటుంది. ఓవర్ వచ్చిన ఛార్జ్‌ని వేలితో చిటికెడు తీసి సరిచేయకండి, మొత్తం హాపర్‌లో పోసి మళ్లీ తూచండి.

చేత్తో ఒక్కో గింజ వేస్తుంటే అంకె కదలట్లేదు, తర్వాత ఒక్కసారిగా దూకుతోంది. చాలా డిజిటల్ త్రాసుల్లో చిన్న జారుడుని తనంతట తానే సున్నా చేసుకునే ఏర్పాటు ఉంటుంది. మీరు నెమ్మదిగా వేసేది కూడా దానికి జారుడులాగే కనిపిస్తుంది. ప్యాన్ ఎత్తి మళ్లీ పెట్టండి, అసలు బరువు చూపిస్తుంది. నేను ఎప్పుడు చేత్తో ట్రికిల్ చేసినా, చివర్లో ప్యాన్ ఎత్తి దించకుండా కేసులో పోయను.

అంకె నిలవకుండా ఊగుతోంది. ముందు ప్యాన్ కింద, ప్లాట్‌ఫారం అంచున గింజ ఏదైనా చిక్కుకుందేమో చూడండి, సగం సార్లు అదే. కాకపోతే గాలి, తర్వాత స్టాటిక్, తర్వాత ఫోన్, తర్వాత అడాప్టర్, ఈ వరుసలో వెతకండి. ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలీదు.

పాత పౌడర్ మీద కొత్తది పోసేశాను, కొంచెమే కదా. కొంచెమైనా సరే, మొత్తం వాడకూడదు. రెండూ నల్లగా ఉంటాయి, వేరు చేయడం ఎవరివల్లా కాదు, కలిసినదానికి ఏ మాన్యువల్‌లోనూ లెక్క ఉండదు. అలా కలిసిన ముప్పావు పౌండు నేను పారేశాను, బాధేసింది, అయినా పారేశాను. పారేయడానికి కూడా తయారీదారు చెప్పిన పద్ధతే పాటించండి, చెత్తబుట్టలో పోయకండి.

ఫలితం ఎలా తెలుస్తుంది

తూచిన బరువులు సరిగ్గానే ఉన్నా గుంపు బాగోలేదంటే మెషీన్‌ని తిట్టే ముందు క్రోనోగ్రాఫ్ పెట్టి చూడండి. ఒకే లోడ్ పది కాల్చి వేగాలు రాయండి. వేగాల్లో తేడా ఎక్కువగా ఉంటే పౌడర్ ఒక కారణం మాత్రమే, కేసు లోపలి పరిమాణం, కేసు గొంతు బుల్లెట్‌ని పట్టుకునే బిగువు, ప్రైమర్ సీటింగ్ కూడా అంతే కారణమవుతాయి. పది ఛార్జ్‌లు రెండో త్రాసు మీద 0.2 లోపలే ఉన్నాయని మీ నోట్‌బుక్‌లో రాసి ఉంటే, ఇక డిస్పెన్సర్ వైపు చూడకుండా మిగతావి వెతకొచ్చు. ఆ పది అంకెలు రాయమన్నది ఇందుకే.

నోట్‌బుక్‌లో ఒక్కో సెషన్‌కి ఇవి చాలు: తేదీ, పౌడర్ పేరు, లాట్ నంబర్, ఛార్జ్, ప్యాన్ మైనస్ అంకె మొదట్లో ఎంత, చివర్లో ఎంత, చెక్ వెయిట్ మొదట్లో ఎంత చూపించింది, చివర్లో ఎంత చూపించింది. మొదటిదీ చివరిదీ కలిస్తే ఆ తూటాల పెట్టె మీద తేదీ, లోడ్ రాసి మూసేయండి. కలవకపోతే పెట్టె పక్కన పెట్టి, చివరిసారి అంకెలు సరిపోయిన చోటు నుంచి ఇటు చేసిన తూటాలన్నీ విప్పండి.